నాగదుర్గ బండి తాళం

"ఇంజను చచ్చింది. చచ్చినదాన్ని ఇంట్లో పెట్టుకుని ఎవరైనా ఏడుస్తారా? అమ్మిపారేద్దాం," అన్నాడు ఏడుకొండలు, టీ గ్లాసు అరుగు మీద పెడుతూ.

ఆ బండి తనది కాదన్న సంగతి ఆయనకి గుర్తు లేదు. ఆయన మాట్లాడుతున్నప్పుడు ఏది ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. చేపల చెరువు ఆయనది, చెరువు గట్టు ఆయనది, గట్టు మీద గాలి కూడా తనని అడిగే వీస్తుందని ఆయన నమ్మకం. తమ్ముడు పెద్దిరాజు అన్న తానా అంటే తందానా అనే మనిషి. తల్లి వీరరాఘవమ్మ చెవుడు లేకపోయినా, అవసరమైనప్పుడు తెచ్చుకుంటుంది.

"గూడెం నుంచి ఫణికిరణ్ గారని పాత బళ్ళు కొనే ఆయన ఉన్నాడు. ఆదివారం రమ్మన్నాను. ఆడాళ్ళు తోలితే బళ్ళు ఎన్నాళ్ళుంటాయిరా? ఆయిల్ చూసుకోవాలని వీళ్ళకి తెలుస్తుందా?"

గడప లోపల నిలబడి ఆ మాట విన్నది నాగదుర్గ. పెద్దిరాజు భార్య. బండి ఆమెది.

మూడేళ్ళ కిందటి వరకూ నాగదుర్గ బావగారి చెరువు దగ్గరే పనిచేసేది. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున ఐసు పగలగొట్టి చేపల ట్రేలలో సర్దే పని. చేతులు మొద్దుబారి, సాయంత్రం అన్నం కలుపుకుంటే వేడి కూడా తెలిసేది కాదు. ఎవరికీ చెప్పకుండా చీటీ పాడి ఈ బండి కొన్నది. స్కూటీ కొనుక్కోమన్నారు అందరూ. కొల్లేటి గట్ల మీద డ్రమ్ము కట్టుకుని తిరగడానికి స్కూటీ ఏం పనికొస్తుంది? గేరు బండే కొన్నది. ఊరు ఊరంతా నవ్వింది. "దుర్గ బండెక్కింది, ఇంక పులెక్కడమే మిగిలింది," అన్నారు. నవ్వినవాళ్ళ ముందే రెండుసార్లు కాలవలో పడింది, మూడోసారి పడలేదు.

బండి వెనక ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించి, డ్రమ్ములో బతికున్న కొర్రమీనులు వేసుకుని, గుండుగొలను దగ్గర హైవే ఎక్కి ఏలూరు పోయేది. కొర్రమీను బతికుంటేనే బంగారం. చచ్చాక దాని ముఖం ఎవరూ చూడరు. ఇంటింటికీ తిరిగి అమ్మేది. ఏలూరులో ఆమెకి వాడుకలున్నాయి, పేరు పెట్టి పిలిచేవాళ్ళున్నారు. బండి పోతే మళ్ళీ బావగారి ఐసు ముక్కలే గతి. ఆ సంగతి బావగారికీ తెలుసు. చెయ్యి చురుకైన కూలి మనిషి పోయిందని ఆయన బాధ మూడేళ్ళుగా అలాగే ఉంది.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. బండి తాళం గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. ఎవరి చెయ్యి ముందు పడితే బండి వాళ్ళది. సోమవారం నాడు ఏడుకొండలు పంపు ఇంజనుకి డీజిల్ తేవాలని తాళం తీసుకెళ్ళాడు. సాయంత్రం దుర్గ పొయ్యి దగ్గర నుంచి వచ్చేసరికి బండి చావిట్లో ఉంది, మీద శుభ్రంగా బరకం కప్పి ఉంది. తాను తాగిన గ్లాసు తానెప్పుడూ తియ్యని మనిషి బండికి బరకం కప్పాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా, బావగారికి ఇన్నాళ్ళకి బండి విలువ తెలిసిందని సంతోషపడింది పిచ్చిది.

తెల్లారి కిక్కు కొడితే కిందికి దిగలేదు. గోడని తన్నినట్టుంది.

అప్పట్నుంచీ ఊళ్ళో ఒకటే మాట: దుర్గ బండిని తగలేసింది. ఆయిల్ తనే చూసుకుంటుంది, తనే మారుస్తుంది. అయినా నలుగురూ నాలుగు రోజులు అంటే మనిషికి తన మీద తనకే అనుమానం పుడుతుంది. నిజంగా నేనే మర్చిపోయానేమోనని ఆమె రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. ఆ అనుమానమే ఆమెని ఎక్కువ కోసింది.

"ఏవండీ, రేపు చేపల మేత దింపి ఏలూరుకి ఖాళీగా వెళ్ళే ట్రాలీ ఆటో ఉంది. బండి ఎక్కించడానికి ఒక చెయ్యి వెయ్యండి," అంది మొగుడితో.

"అన్నయ్య అమ్మేద్దామన్నాడు కదే."

"అమ్మేటప్పుడు అమ్మొచ్చు. ముందు దాని రోగం ఏంటో నాకు తెలియాలి. మీ అన్నయ్యగారు లేచేలోపు ఎక్కించేద్దాం."

పెద్దిరాజు అటూ ఇటూ చూసి, గొణిగి, చివరికి చెయ్యి వేశాడు. పాపం, మెత్తని మనిషే గానీ చెడ్డవాడు కాదు.

ఏలూరు తంగెళ్ళమూడిలో చాంద్ బాషా మెకానిక్ షాపు. ఆయన భార్య మహబూబ్ బీ దుర్గ దగ్గరే కొర్రమీనులు కొంటుంది. ఆ పరిచయం మీద చాంద్ బాషా పనులన్నీ పక్కన పెట్టి ఇంజను విప్పాడు. దుర్గ స్టూలు మీద కూర్చోకుండా ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది.

"మొదట ఆయిల్ చూడండి భాయ్. ఉందా?"

ఆయన బోల్టు తిప్పి, వేలు ముంచి చూశాడు. "ఉందమ్మా. బాగానే ఉంది. మొన్నమొన్న మార్చినట్టుందే."

నాలుగు రోజుల నుంచి గుండె మీద ఉన్న రాయి దిగిపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. ఏడవడానికి ముందు కోపం వచ్చేసింది.

చాంద్ బాషా పిస్టను ఆడే ఇనుప గొట్టాన్ని, బోరుని, బయటికి తీశాడు. పిస్టను దాన్ని పట్టేసి ఉంది. బోరు పక్కన పైనుంచి కిందికి సన్నగా పగులు.

"వేడికి పట్టేసింది సరే. ఈ పగులేంటో నాకు అంతు పట్టట్లేదమ్మా. ఎక్కడైనా పడిందా?"

దుర్గ ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. బోరు చుట్టూ ఉండే రేకుల మధ్య పచ్చగా ఏదో ఎండి అంటుకుపోయి ఉంది. గోటితో గీకి వాసన చూసింది. కాలవ నీళ్ళు ఎండితే మట్టి మిగులుతుంది. ఇలా పచ్చగా, కోళ్ళ పెంట వాసనతో ఎండేది చేపల మేతకని ఆ పెంట వేసే చెరువు నీళ్ళే.

గట్టు మీద పంపు ఇంజను పక్కన ఎప్పుడూ ఒక బకెట్ ఉంటుంది. ఎండాకాలం ఇంజను వేడెక్కి పొగ కక్కితే, చెరువులో బకెట్ ముంచి దాని నెత్తిన గుమ్మరిస్తారు. బావగారి తండ్రి అలాగే పోశాడు, బావగారూ అలాగే పోస్తాడు. మెత్తటి గట్టు మీద రెండు డీజిల్ క్యాన్లతో మొదటి గేరులో లాగించి, బండి వేడెక్కి ఆగిపోయేసరికి ఆ చెయ్యి మళ్ళీ ఆ బకెట్టు మీదికే పోయి ఉంటుంది. తర్వాత బండిని చప్పుడు లేకుండా నెట్టుకొచ్చి ఉంటాడు.

"పళ్ళు బిగబట్టావేంటమ్మా?" అన్నాడు చాంద్ బాషా.

"దీని మీద నీళ్ళు పోశారు భాయ్. నిప్పులా కాలుతున్నప్పుడు."

ఆయన పగులు వంక చూసి నాలుక కరుచుకున్నాడు. "అయితే అంతే. బోరు కిట్టు మొత్తం మార్చాలి, హెడ్డు కూడా చూడాలి. నన్నడిగితే అమ్మేసుకోమంటాను తల్లీ. ఎంత చేసినా పాత బండి పాత బండే. కొత్త బోరు కుదురుకునేదాకా మెల్లగా తోలాలి. నాకు పని దొరుకుతుందని చెయ్యమని చెప్పలేను."

"మీరు బాగు చెయ్యలేరా, చెయ్యరా?"

"చెయ్యగలను. రేపు తిడతారేమోనని."

"తిట్టను. చెయ్యండి." ఆమె లేచి నిలబడింది. "ఇవాళ ఇది అమ్మితే, ఆడది తోలింది కాబట్టి చచ్చిందన్న మాట ఊళ్ళో ఉండిపోతుంది భాయ్. బండి పోతుంది, మాట పోదు. ఇంక మా లంక ఊళ్ళో ఏ ఆడపిల్ల చేతికీ ఎవరూ తాళం ఇవ్వరు. నేను అమ్మను."

పగిలిన బోరుని గోనెసంచిలో చుట్టి చంకలో పెట్టుకుని ఊరికి బస్సెక్కింది. ఇంటికొచ్చాక నోరు మెదపలేదు. బరకం కింద ఖాళీ డ్రమ్ములు రెండు పెట్టి బండి ఆకారం వచ్చేలా సర్దింది. మొగుడు చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు.

ఆదివారం ఫణికిరణ్ చిన్న వ్యాను వేసుకుని వచ్చాడు. తాడేపల్లిగూడెంలో పాత బళ్ళు కొని, రంగులేసి అమ్మే మనిషి. మాట మర్యాద గలవాడు.

"ఏవండీ, బండి ఒకసారి చూపిస్తారా?"

"రండి రండి," అంటూ ఏడుకొండలు పెళ్ళికొడుకు తండ్రిలా ముందుకి నడిచి, బరకం ఒక్క విసురుతో లాగాడు. రెండు డ్రమ్ములు దొర్లుకుంటూ వచ్చి ఫణికిరణ్ కాళ్ళ దగ్గర ఆగాయి.

"బండి లేదండి," అంది నాగదుర్గ చావిట్లోకి వస్తూ. "ఏలూరులో మరమ్మతులో ఉంది. అమ్మకానికి లేదు. మిమ్మల్ని ఇంత దూరం రప్పించింది మేము కాదు గానీ, టీ తాగి వెళ్ళండి."

"ఎవరినడిగి పంపావు?" ఏడుకొండలు గొంతు లేచింది. "ఏరా పెద్దీ, నీ పెళ్ళాం..."

"బండి దుర్గది అన్నయ్యా," అన్నాడు పెద్దిరాజు. నేలని చూస్తూ అన్నాడు, కానీ అన్నాడు. దుర్గ మొగుడి వంక ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళకి మొదటిసారి ఆయన మీద గర్వం కలిగింది.

తర్వాత గోనెసంచి విప్పి బోరు ముక్కని అరుగు మీద పెట్టింది.

"ఆయిల్ నిండా ఉందిట బావగారూ. చాంద్ బాషా గారు చూశారు. మరి ఇది ఎందుకు పగిలిందో మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? నేనేం నీళ్ళు పొయ్యలేదు!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఫణికిరణ్ కాళ్ళ దగ్గరి డ్రమ్ముల వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నీళ్ళ మాట ఎవరెత్తార్రా కొండలూ?" అంది వీరరాఘవమ్మ మంచం మీద నుంచి. ఆ రోజు ఆవిడకి చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

ఏడుకొండలు ముఖం కందగడ్డ అయింది. "పోశాను! పోస్తే ఏం? పొగలొస్తుంటే చూస్తూ నిలబడనా? పంపు ఇంజనుకి నాన్న పొయ్యలేదా, నేను పొయ్యట్లేదా? అది పగిలిందా?"

అబద్ధం కాదు, ఆయన నిజంగానే మేలు చేస్తున్నాననుకుని పోశాడు. అది దుర్గకి అర్థమైంది. దాంతో ఆమె కోపం తగ్గలేదు, సూటిగా అయింది.

"పొరపాటున పోశారు, ఒప్పుకుంటాను. పోశానని ఆ సాయంత్రం ఒక్క మాట చెబితే నేనేమైనా అనేదాన్నా? బరకం కప్పారు. నేను తగలేశానని ఊరంతా చాటారు. నేనే తప్పు చేశాననుకుని అన్నం మానేశాను. మీ పంపు ఇంజను నిరుడు పట్టేసింది, అంతకు ముందూ పట్టేసింది. రెండుసార్లూ బాగు చేయించుకున్నారు. అమ్ముదామని ఎవరైనా అన్నారా? మీరు తోలితే తోలడం చేతకాదని అన్నారా? మీ ఇంజను పోతే మరమ్మతు, నా ఇంజను పోతే అమ్మకమా? అదెక్కడి న్యాయమండీ?"

ఏడుకొండలు కండువా దులుపుకుని గట్టు మీదికి వెళ్ళిపోయాడు. ఫణికిరణ్ మాత్రం వ్యాను ఎక్కబోతూ, "బండి ఉంచుకోండమ్మా. ఇంకెప్పుడూ ఎవరికీ అమ్మకండి," అని నవ్వాడు.

బండి తిరిగొచ్చింది. కొత్త బోరు గొంతు కాస్త బిరుసుగా ఉంది. నాగదుర్గ తాళాన్ని మేకుకి తగిలించలేదు, చీర కొంగున ముడేసుకుంది. మేకు ఖాళీగా ఉండిపోయింది. పగిలిన పాత బోరుని పారెయ్యలేదు. కొర్రమీనులు ఎగిరి దూకే జాతి. డ్రమ్ము మీద వల కట్టినా తోసుకొస్తాయి. ఆ వల మీద బరువుకి అది సరిగ్గా సరిపోయింది.

వారం తిరిగిందో లేదో ఒక తెల్లవారుజామున ఏడుకొండలు పరుగు పరుగున ఇంటికొచ్చాడు. పంపు బెల్టు తెగింది. చెరువులో చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొత్త నీరు పడకపోతే ఎండెక్కేసరికి చెరువంతా తేలిపోతుంది. గుండుగొలనులో ఒకాయన ఇంటి దగ్గరే బెల్టులు దొరుకుతాయి.

అలవాటు చొప్పున చెయ్యి మేకు మీదికి పోయింది. ఖాళీ. పక్కన దుర్గ డ్రమ్ము కట్టుకుని బయల్దేరుతోంది.

ఆయన నిలబడ్డాడు. అడగడం ఆయనకి అలవాటు లేని పని. "అమ్మాయ్," అన్నాడు చివరికి. "తాళం... ఒకసారి ఇస్తావా?"

"తాళం ఇవ్వనండి," అంది నాగదుర్గ. "ఎక్కండి. నేను తీసుకెళ్తాను."

చెరువు వైపు చూశాడు, బండి వైపు చూశాడు. ఎక్కాడు. దుర్గకీ డ్రమ్ముకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

"గతుకులకి ఆ బోరు ముక్క జారిపోతుంది బావగారూ, ఒళ్ళో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. రెండు చేతులా పట్టుకున్నాడు. పగులు పైకే ఉంది.

గట్టు మీద బండి మెల్లగా సాగింది. "కాస్త తొందరగా పోనివ్వమ్మా," అన్నాడు.

"కొత్త బోరండి. వేడెక్కకూడదు."

ఎదురుగా పడవల దగ్గర నలుగురైదుగురు చేరి ఉన్నారు. మూడేళ్ళ కిందట దుర్గ కాలవలో పడితే నవ్వినవాళ్ళు. వాళ్ళ నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి.

"ఏంటి కొండలన్నా, ఎక్కడికీ?" అని అరిచాడొకడు.

నాగదుర్గ బండి ఆపలేదు గానీ, ఆయన ఏమంటాడో వినాలని చెవి వెనక్కి పెట్టింది.

"గుండుగొలను," అన్నాడు ఏడుకొండలు. తల వంచుకుని, ఒళ్ళో ఇనుప ముక్కని గట్టిగా పట్టుకుని, మళ్ళీ కాస్త గొంతు పెంచి అన్నాడు. "మా దుర్గ తీసుకెళ్తోంది."