ఏడవకుండా మాట్లాడాలి

నా నోటికి మా వీధి వీధంతా జడుస్తుంది. నేను కత్తిరించిన జాకెట్టు బిగుతైందని పోట్లాటకు వచ్చినవాళ్ళు, తామే ఒళ్ళు చేశామని ఒప్పుకుని వెళ్తారు. అందుకే తమ్ముడు పనిచేసే ఓడను సముద్రపు దొంగలు పట్టుకున్నారని తెలిసినప్పుడు, ఫోన్ వస్తే ఎవరు మాట్లాడాలన్న చర్చే మా ఇంట్లో రాలేదు.

ఆ కబురు తెచ్చింది కంపెనీ తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి. దొంగలు చిన్న మోటారు పడవల్లో వచ్చి, నిచ్చెనలు తగిలించి, తుపాకులతో ఓడ ఎక్కారట. ఎంత ఘోరాన్నైనా రేపు వాన పడొచ్చు అన్నంత తాపీగా చెప్పేవారు కాబట్టి ఆయనకు నిదానంగారని పేరు పెట్టాను.

ఇంటి ముందుగదే నా దుకాణం. నేను కత్తిరిస్తాను, తమ్ముడి భార్య కుడుతుంది. ఓడలో ఇంజను దగ్గర పనిచేసే తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడల్లా బోర్డుకు రంగు వేసి, దుకాణం ఫోన్ నంబరు తన చేత్తోనే దిద్దేవాడు. బందీల సెల్ ఫోన్లు లాక్కుంటారు కాబట్టి, నోటికి వచ్చిన నంబర్లే వాళ్ళకు గతి అని నిదానంగారు అనగానే, మేమిద్దరం కత్తిరింపుల బల్ల మీదున్న ఫోన్ వైపు చూశాం.

“ఫోన్ చేయిస్తారమ్మా,” అన్నారాయన. “పక్కనే కూర్చుని వింటారు. మీరు ఏడిస్తే, బతిమాలితే, ఇల్లమ్మైనా ఇస్తామంటే, ఇతన్ని కొడితే పని జరుగుతుందని వాళ్ళకి తెలిసిపోతుంది. ఇక రోజూ కొట్టి మరీ చేయిస్తారు. పొడిపొడిగా మాట్లాడండి. కంపెనీతో తేల్చుకోమని చెప్పి పెట్టేయండి.”

“వాళ్ళకి మన భాష రాదుగా?” అన్నాను.

“ఏడుపుకి భాషేముందమ్మా.”

“మరి మా ఆయనేమనుకుంటారు?” అంది మరదలు. నిదానంగారు ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నీళ్ళు నమిలారు.

మా మరదలికి కన్నీళ్ళు రెప్ప కొసనే ఉంటాయి. సూది నాకు గుచ్చుకుంటే తను ఏడుస్తుంది. అయినా ఎందుకైనా మంచిదని ఇద్దరం సాధన చేశాం. మెడలో టేపు, చేతిలో కత్తెరతో నేను దొంగనయ్యేదాన్ని.

“ఊఁ, మాట్లాడు! లేదంటే మీ ఆయన్ని సముద్రంలో పారేస్తా!” అని గుడ్లురిమేదాన్ని.

ఆమె నవ్వేది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేది.

“నువ్వు ఫోన్ జోలికి రాకు తల్లీ, నీకు దండం పెడతాను,” అనేదాన్ని.

ఫోన్ వచ్చిననాడు నేనొక కోటు చేతులు కత్తిరిస్తున్నాను. ఎత్తి, “ఎవరు?” అన్నాను గట్టిగా. గరగరమని చప్పుడు, ఎవరిదో అరుపు, ఆ తర్వాత, “అక్కా.”

అంతే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. చిన్నప్పుడు పీడకల వచ్చి లేచినప్పుడు వాడు పిలిచే పిలుపది. నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. లోపల్నుంచి ఏడుపు తన్నుకొస్తోంది, అది గొంతు దాటిందంటే వాడి పని అయిపోయినట్టే. మరదలు మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“ఏంటి?” అంది. అది ఆమె గొంతేనా అని చూశాను.

వాడి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. “కొడుతున్నారే. కంపెనీ వాళ్ళ కాళ్ళైనా పట్టుకోండి. నీళ్ళు కూడా సరిగా...”

“ఆ సంగతులు నాకెందుకు? కంపెనీతో చూసుకోమనండి. నాకిక్కడ పనుంది.”

“ఏమే, నేనే...”

“తెలుసు. ఇంకోసారి ఇక్కడికి చేయకండి.”

పెట్టేసింది. తానే మళ్ళీ ఎత్తేస్తానేమోనన్నట్టు ఫోన్‌ని అరచేత్తో నొక్కి పట్టుకుంది. అప్పటికీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. బల్ల పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

“ఆయన నమ్మేశారు వదినా,” అంది. “నేను అక్కర్లేదన్నాననే అనుకున్నారు. ఆ దిగులుతో అక్కడే ఏమన్నా అయితే?”

పక్కన చతికిలబడి దగ్గరికి తీసుకున్నాను. ఆమె అంటే ముందునుంచీ ముద్దే. గౌరవం పుట్టింది మాత్రం ఆ రోజే.

ఆ తర్వాత ఫోన్ రాలేదు. రాకపోవడమే మంచిదన్నారు నిదానంగారు. మంచిదే కావచ్చు, ఆమెకు మాత్రం కంటిమీద కునుకు లేదు. కుడుతూ కుడుతూ మిషను ఆపి, “ఆయనకెవరైనా చెప్తారా వదినా, నేను కావాలని అనలేదని?” అని అడిగేది.

“వాడికి తెలుసులేవే,” అనేదాన్ని. నాకేం తెలుసు, నా మొహం.

కంపెనీ ఎలా తేల్చుకుందో గాని, వానలు వెనకబట్టాక వదిలేశారు. తమ్ముడు సగమై వచ్చాడు. వచ్చినవాడు దుకాణం గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె మిషను దగ్గరే నిలబడిపోయింది.

“ఏమండీ, ఆ రోజు నేను...” అంది.

“తెలుసు,” అన్నాడు. “మొదట తెలీలేదు. నన్ను వదిలేశావనే అనుకున్నా. చచ్చినా బాగుండేదనిపించింది. మర్నాటినుంచి, ఎవరి ఇంట్లోవాళ్ళు ఏడ్చారో వాళ్ళనే లాక్కెళ్ళి కొట్టి ఫోన్లు చేయించారు. నన్ను చూసి మాత్రం, వీడు ఎవరికీ అక్కర్లేదు, దండగ సరుకని నవ్వుకున్నారు. మళ్ళీ నా మీద చెయ్యి వెయ్యలేదు. అప్పుడర్థమైంది, నువ్వేం చేశావో.”

అప్పుడు ఏడ్చింది మా మరదలు. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది. నేను దుకాణం తలుపులు మూసి, కొలతలకు వచ్చినవాళ్ళను కేకలేసి పంపేశాను.

ఇప్పుడు వాడు ఓడ మానేసి, పక్కవీధిలో నీళ్ళ మోటార్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్నాడు. సాయంత్రం బయల్దేరేముందు దారం తేవాలా, బొత్తాలు తేవాలా అని ఏదో వంకతో దుకాణానికి ఫోన్ చేస్తాడు. నిన్న ఆ కబుర్లు ఎంతకీ తెమలలేదు. మాట్లాడుతూనే వీధి దాటి, మెట్లెక్కి, దుకాణంలోకి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. వాడి చెవికీ ఫోనే, ఆమె చెవికీ ఫోనే.

“ఎదురెదురుగా నిలబడి ఇదేం విడ్డూరం! ఎవరో ఒకరు పెట్టేయండర్రా!” అని కసిరాను. వాడు ఇకిలించాడు తప్ప పెట్టలేదు. “వాడికంటే బుద్ధి లేదు, నువ్వైనా పెట్టవే,” అన్నాను.

“నేను పెట్టను వదినా,” అంది మరదలు. “ఈ జన్మకి ఒక్కసారి పెట్టాను, చాలు.”