మూత బిగించక ముందు

“చీర కట్టడం నీకు బాగా వచ్చుగా, నువ్వే వెళ్ళు,” అన్నాడు జోజయ్య బూటు లేసులు ముడేసుకుంటూ. ఏదో పెళ్ళికూతురికి కట్టి రమ్మన్నట్టే అన్నాడు.

మరియరాణి ఇస్త్రీ బల్ల మీద అతని చొక్కా కాలరు తిప్పుతూ సరే అంది. సరే అనడం ఆమెకు చీర కట్టడంకన్నా బాగా వచ్చు. సిడ్నీ వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఎవరి పెళ్ళయినా, ఇక్కడ పుట్టిన ఏ పిల్ల చీర కడతానని ముచ్చటపడినా, క్వేకర్స్ హిల్‌లోని వీళ్ళింటికే ఫోను వచ్చేది. మా రాణి చెయ్యి పడితే కుచ్చిళ్ళు కత్తుల్లా నిలబడతాయని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకుని, బిర్యానీ గిన్నెలు కూడా ఆమె చేతే తోమించేవాళ్ళు. ఈసారి కట్టాల్సింది సువార్తకి. సువార్త చనిపోయి నాలుగు రోజులైంది.

సువార్త దేవసహాయంగారి భార్య. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ తారీకు తెలియక తలకిందులైపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే దేవసహాయానికి పెట్టుబడి. బాపట్ల, గుంటూరు వైపు నుంచి కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చిన కుర్రాళ్ళని రప్పించి ఇక్కడి బ్యాంకుల్లో కాంట్రాక్టులకి పెట్టేవాడు. జోజయ్య ఉద్యోగమూ, వీసా కూడా ఆయన చేతిలోవే. అందుకే వెళ్ళమనడంలో అడగడం లేదు, చెప్పడమే ఉంది.

ఉబ్బసం ముదిరి ఊపిరాడక పోయిందని, ఆమెను ఎప్పట్నుంచో చూస్తున్న డాక్టరు కాగితం రాసిచ్చాడు. శవాన్ని బాపట్ల తీసుకెళ్ళి సొంతవాళ్ళ మధ్య పాతిపెడతానన్నాడు దేవసహాయం. ఫెలోషిప్ అంతా ఎంత ప్రేమో చూడండని కళ్ళొత్తుకుంది. విమానం ఎక్కాలంటే శవం చెడకుండా మందులెక్కించాలి, లోపల రేకు కొట్టిన పెట్టెలో పెట్టి గాలి చొరబడకుండా మూత బిగించాలి. మధ్యాహ్నం మూత, సాయంత్రం విమానం. కూతురు ఎవా కూడా వెళ్తుంది, సమాధి అవగానే తండ్రితో తిరిగొస్తుంది. ఎవా హైస్కూల్లో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఇక ఇల్లెలాగ అని ఎవరో అడిగితే, “ఎవా లేదూ, వాళ్ళమ్మ చేసేవన్నీ దానికి వచ్చు,” అన్నాడట ఆయన.

జోజయ్య కార్లో బ్లాక్‌టౌన్‌లోని ఫ్యునరల్ హోమ్‌కి తీసుకెళ్తున్నంతసేపూ రాణి బుర్రలో ఆ మాటే తిరిగింది. ఆమె నాగార్జునా యూనివర్శిటీలో ప్రాచీన చరిత్ర ఎమ్మే చదివింది. తాపీ మేస్త్రీ కూతురు. వాళ్ళ వంశంలో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి. పెళ్ళికి ముందు ఇంటర్ పిల్లలకి ఈజిప్టు పాఠం చెప్పేది. జోజయ్య స్నేహితుల ముందు, “మా ఆవిడది శవాల ఎమ్మే. ఈ దేశంలో బతికున్నవాళ్ళ చదువులకే దిక్కులేదు,” అని నవ్వించేవాడు. నిజంగానే దిక్కులేక ఆమె ఇక్కడ ఒక షెడ్డులో చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా సూపర్ మార్కెట్లకి క్యారెట్లు ప్యాక్ చేస్తోంది. చదివిందంతా ఆఖరుసారి చెప్పింది ఎవాకే. స్కూల్లో ఈజిప్టు అసైన్‌మెంట్ ఇచ్చారని పోయిన నెల పుస్తకాలు పట్టుకొచ్చింది ఆ పిల్ల. మెదడు ఎందుకూ పనికిరాదని ముక్కులోంచి కొక్కెం దూర్చి లాగి పారేసేవాళ్ళని, గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవాళ్ళని రాణి చెప్పింది. చచ్చినవాళ్ళు దేవుడి ముందు నిలబడితే గుండెను తూకం వేస్తారు, అదే సాక్షి. అందుకని, నామీద సాక్ష్యం చెప్పకు అని గుండెనే బతిమాలుతూ రాసిన, పేడపురుగు ఆకారంలో చెక్కిన రాతిబిళ్ళని గుండెమీద పెట్టి కట్టేవాళ్ళు. చచ్చాక కూడా చాకిరీ తప్పదని భయపడి, చిన్న చిన్న బొమ్మలు చేయించి సమాధిలో పెట్టేవాళ్ళు. అక్కడ యజమాని పేరు పెట్టి పనికి పిలిస్తే, ఇదిగో నేనున్నాను అని బదులు పలికేది బొమ్మ. ఎవా అంతా రాసుకుని, “డూ ద డాల్స్ ఎవర్ గెట్ టు స్టాప్, ఆంటీ?” అని అడిగింది. పుస్తకంలో ఆ సంగతి లేదమ్మా అంది రాణి.

ఫ్యునరల్ హోమ్ వరండాలో దేవసహాయం, ఎవా కూర్చుని ఉన్నారు, జోజయ్య అక్కడే ఆగిపోయాడు. లోపలి గదిలో ముక్కుపుటాలు కాల్చేసే మందు వాసన. శ్రీదేవి ఆంటీ ముందే వచ్చి బైబిలు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. ఫెలోషిప్‌లో ఆడవాళ్ళకి పెద్దదిక్కు ఆవిడ. ఎవరింట్లో గొడవైనా అటూ ఇటూ ప్రార్థన చేసి, చివరికి ఆడదాన్నే సర్దుకోమని పంపిస్తుంది. బల్లమీద సువార్త దుప్పటి కప్పుకుని ఉంది. ముఖానికి రంగు పూశారు. బతికుండగా ఎన్నడూ లేనంత కులాసాగా ఉంది. అక్కడి తెల్లావిడ, అయ్యాక పిలవమని మెల్లగా చెప్పి తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

శవానికి జాకెట్టు తొడగాలంటే వీపు వైపు నిలువునా కత్తిరించాలి. రాణి కత్తిరించింది. భుజం కింద చెయ్యి వేసి సువార్తను తనవైపు తిప్పుకుంది. మందులతో బిగుసుకుపోయిన ఒళ్ళు దుంగలా తిరిగింది. దుప్పటి జారింది.

వీపంతా రాత రాసినట్టుంది. అట్లకాడ కాల్చి పెట్టిన వాతలు, పాతవి తెల్లగా, వాటిమీద కొత్తవి ముదురుగా. నడుం కింద ఇస్త్రీ పెట్టె మొన, మూడు కోణాలూ అచ్చు దిగినట్టు. డొక్కలో పసుపూ నీలం కలిసిన కమిలిక. ఒక పక్కటెముక విరిగి మళ్ళీ వంకరగా అతుక్కుని చర్మాన్ని పైకి పొడుస్తోంది. జాకెట్టుకి బయట కనిపించేచోట గీత కూడా లేదు. కొట్టినవాడికి జాకెట్టు కొలతలు బాగా తెలుసు. డాక్టరు కాగితం ఉందని మందులెక్కించినవాళ్ళూ ఏమీ అడిగినట్టు లేదు.

 జోజయ్య చెయ్యే వాడతాడు, వస్తువులు వాడడు. ఒకసారి ఆ చెయ్యే ఆమె ఎడమ చెవిలో ఏదో తెంపింది, అయినా చెయ్యే. ఆ తేడాని ఆమె ఇన్నేళ్ళూ ఒక అదృష్టంలా దాచుకుంది. ఇప్పుడు ఈ వీపు ముందు ఆ అదృష్టం ఏపాటిదో తెలిసింది.

శ్రీదేవి ఆంటీ లేచి వచ్చి చూసింది. చూసి, దుప్పటి లాగి కప్పేసింది. ఆవిడ మొహంలో జాలి ఉంది, ఆశ్చర్యం మాత్రం లేదు. “చచ్చినదాని ఒళ్ళు చూసి మాట్లాడుకోవడం పాపం రాణీ. పాపం ప్రాణం, విశ్రాంతిలోకి పోయింది. కట్టెయ్యి, అమ్మా. మీ ఆయన ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలి,” అంది. ఆ మాటలు చెబుతూ రాణి గుండెమీద చెయ్యి వేసి నిమిరింది. రాతిబిళ్ళలా బరువుగా ఉందా చెయ్యి.

రాణి కట్టింది. ఏం చెయ్యాలో తోచక, చేతులకి వచ్చిన పనే చేసింది. తెల్ల పట్టుచీర చుట్టి, కుచ్చిళ్ళు పోసి, పట్టుకోవడానికి మనిషి కావాలని ఎవాని లోపలికి పిలిచింది. పిల్ల ఏడవట్లేదు. చెప్పినచోట చెప్పినట్టు వేలు పెట్టి కుచ్చిళ్ళు నొక్కిపట్టింది. వంగినప్పుడు పొడుగు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతికి పైన, ఇంకా నీరు కారుతున్న కాలిన పుండు. మొనదేలిన మూడు కోణాలు.

“ఏమైందమ్మా?”

ఎవా చెయ్యి కిందికి లాక్కుంది. “ఇట్స్ మై ఫాల్ట్, ఆంటీ. ఐ బర్న్ట్ హిజ్ షర్ట్.”

తల్లి పోయిన మర్నాడట. ఇల్లంతా ప్రార్థనలకి వచ్చిన జనం ఉండగా, లోపలి గదిలో.

రాణి చేతిలో పిన్నీసు అలాగే ఉండిపోయింది. శ్రీదేవి ఆంటీ గోడ వైపు చూస్తోంది. పెట్టె వచ్చింది. తెల్లావిడా, ఇద్దరు మగవాళ్ళూ సువార్తను ఎత్తి పెట్టెలో పడుకోబెట్టారు. మూత తెచ్చి గోడకి ఆనించి, బిగించే సామాను కోసం మగవాళ్ళిద్దరూ బయటికెళ్ళారు. బయట వరండాలో జోజయ్యా, దేవసహాయం కాంట్రాక్టుల సంగతి మాట్లాడుకోవడం వినబడుతోంది. ఈ మూత పడితే ఆ వీపు బాపట్ల మట్టిలోకి పోతుంది. అక్కడ పెట్టె తెరవరు. ఎవా తిరిగొచ్చి ఆ ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది.

క్లాసులో పిల్లలు పడీపడీ నవ్విన సంగతొకటి రాణికి గుర్తొచ్చింది. ఈజిప్టులో శవాన్ని సిద్ధం చేసేటప్పుడు డొక్కలో కత్తి పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడని పూర్వం ఎవరో యాత్రికుడు రాశాడు. కోయమనేది అందరూనే. కొయ్యకపోతే చచ్చినవాడు దేవుడి న్యాయస్థానం దాకా చేరలేడు. నల్లరాతి కత్తితో వాడు అలా కోశాడో లేదో, చుట్టూ ఉన్నవాళ్ళే రాళ్ళెత్తి, శాపనార్థాలు పెడుతూ వాణ్ణి తరిమేవాళ్ళట. వాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తేవాడు. పారిపోవాల్సొస్తుందని తెలిసే కత్తి పట్టేవాడు. అది నవ్వుకునే సంగతి కాదని ఇన్నేళ్ళకి తెలిసింది పాఠం చెప్పినామెకి.

రాణి వంగి, సువార్త భుజం మీది పిన్నీసు తీసింది. కుచ్చిళ్ళు లాగింది. తన చేతులతో కత్తుల్లా నిలబెట్టిన మడతలన్నీ ఒకదానిమీద ఒకటి కూలిపోయాయి. ఆంటీ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తెల్లావిడ వైపు తిరిగి, పెట్టె మూయొద్దనీ, పోలీసుల్ని పిలవమనీ, ఈమె వీపు చూడమనీ, ఈ పిల్ల చెయ్యి చూడమనీ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. 

ముందు దేవసహాయం నవ్వుతూ లోపలికొచ్చాడు. “ఏం జోజయ్యా, మీ ఆవిడకి శవాన్ని చూసి దడుపు జ్వరం పట్టినట్టుందే. ఇంటికి తీసుకుపో,” అన్నాడు. జోజయ్య ఆమె ముంజేయి పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఓదార్చినట్టే ఉండేలా, లోపల ఎముక పిండయ్యేలా మెలిపెట్టాడు. “నోర్మూసుకుని నడువు. రేపు మనం రోడ్డున పడతాం,” అన్నాడు పళ్ళ సందున. రాణి రెండో చేత్తో పెట్టె అంచు పట్టుకుంది. లాగాడు. వదల్లేదు. ఇంకోసారి లాగాడు. మణికట్టులో ఏదో పటుక్కుమంది.

ఇంతలో దేవసహాయం ఎవా జుట్టు పట్టుకున్నాడు. ఏం చెప్పావే దీనికి అంటూ పిల్ల తలని తలుపు చెక్కకేసి కొట్టాడు. ఫెలోషిప్‌లో మెత్తగా ప్రార్థన చేసే గొంతే అది. పిల్ల అరవలేదు, అలవాటైనట్టు మెడ ముడుచుకుంది. రాణి జోజయ్యని విదిలించుకుని, పెట్టె వదిలేసి దేవసహాయం మీద పడింది. మోచేత్తో ఒక్కటిచ్చాడు. ఆమె గిర్రున తిరిగి పెట్టె మీద పడి, ఇత్తడి పిడి నుదుట దిగి, నెత్తురు సువార్త తెల్లచీర మీద చిందింది. అయినా లేచింది. పిల్లని తన వెనక్కి లాక్కుని, మూలకి చేరి, జాకెట్టు కత్తిరించిన కత్తెర అతని వైపు పట్టుకుని నిలబడింది.  దగ్గరికొస్తే దింపేదే. ఆ సంగతి అతనికి ఆమె కళ్ళలో కనబడినట్టుంది, ఆగిపోయాడు. తెల్లావిడ అప్పటికే ఫోనులో అడ్రసు చెబుతోంది.

పోలీసులు వచ్చారు. దేవసహాయాన్ని వరండాలోకి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి అతను, సాయం చేసిన చెయ్యినే కరిచారనీ, జోజయ్య బ్యాగు సర్దుకోవచ్చనీ తెలుగులో అరుస్తూనే ఉన్నాడు. శ్రీదేవి ఆంటీ ఎవరికో ఫోను చేసి, మన పరువంతా తీసిందని ఏడుస్తోంది. రాబోయే ఆదివారం ఫెలోషిప్‌లో తనవైపు ఒక్క మొహం కూడా తిరగదని రాణికి తెలుసు. ఎవా ఆమె చీర కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది.

కాన్‌స్టేబుల్ చిన్నపిల్లలా ఉన్న ఆడమనిషి. రాణి నుదుటికీ మణికట్టుకీ బ్యాండేజీ వేయించి, ఎదురుగా కూర్చుంది. పెట్టె తెరిచే ఉంచుతారని, మళ్ళీ పరీక్ష చేయిస్తారని, పిల్లని ఇవాళ అతనితో పంపరని చెప్పింది. తర్వాత మర్యాదగానే అడిగింది. సువార్తకి ఉబ్బసం వచ్చినప్పుడల్లా తూలి పడేదని, స్టవ్ మీదా ఇస్త్రీ పెట్టె మీదా పడి కాల్చుకునేదని భర్త చెబుతున్నాడు. హాస్పిటల్లో ఆమె కూడా పడ్డాననే చెప్పుకుందట. కాదని మీరు అంత గట్టిగా ఎలా చెప్పగలరు?

గుమ్మం దగ్గర జోజయ్య నిలబడి ఉన్నాడు. వద్దన్నట్టు, బతిమాలుతున్నట్టు, చాలా కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. రాణి అతని వైపు చూసింది. తర్వాత కాన్‌స్టేబుల్ వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుని ఇంగ్లీషులో చెప్పింది.

“నా చెవి పోయినప్పుడు, బాత్‌రూమ్‌లో పడ్డానని నేనూ డాక్టరుకి చెప్పాను. అదిగో, ఆ గుమ్మంలో నిలబడ్డాయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూర్చుని ఉండగా చెప్పాను.”