గాజు పలక మీద ఎనిమిది స్విచ్చులు

పన్నెండు రోజులుగా నేను కరెంటు సామాన్ల కొట్టుకు పోతున్నాననీ, పోయినవాణ్ణి పోయినట్టే చేతులూపుకుంటూ వస్తున్నాననీ, ఇందులో ఏదో వ్యవహారం ఉందనీ ఎదురింటి దర్జీ భార్య పక్కింటి టీచరమ్మతో అన్నదట. టీచరమ్మ దాన్ని మా ఆవిడ చెవిన వేసింది. మా ఆవిడ స్వయంగా వెళ్ళి కొట్టుని చూసొచ్చింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది బుంగమీసాల ఆసామి కావడంతో నా శీలం దక్కింది. బుద్ధి సంగతే తేలలేదు.

"ఒక్క గదికి స్విచ్చులు ఏరడానికి పన్నెండు రోజులాండీ? నన్ను పది నిమిషాల్లో చూసి సరేనన్నారు!"

"అందుకే ఈసారి జాగ్రత్తపడుతున్నాను" అన్నాను. ఆ పూట నా కంచం నేనే పెట్టుకున్నాను.

ఆ గది మా మామగారి కోసం. నలభై ఏళ్ళు లేతు మిషను మీద ఇనుము చెక్కిన మనిషి. వేలితో తడిమి వెంట్రుకవాసి తేడా పట్టేసేవాడు. ఇప్పుడు చూపు సన్నగిల్లి, వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. ఒంటరిగా ఉండొద్దు, మా దగ్గరికి వచ్చెయ్యమని కూతురు బతిమాలగా బతిమాలగా, ఉండి చూస్తానన్నాడు. షరతు ఒక్కటే. "లైటెయ్యమని మిమ్మల్ని పిలవాల్సొచ్చిందో, ఆ రోజే సంచీ సర్దుకుంటా."

మా ఆవిడ గుండెల్లో రాయి పడింది. "ఆ బాధ్యత నాకొదిలెయ్" అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ఏ బరువైనా ముందు ఎత్తుకుంటాను. ఎంతుందో తరవాత చూసుకుంటాను.

పదమూడో రోజున మర్యాదకి మామగారిని కూడా వెంటబెట్టుకెళ్ళాను. కొట్టాయన ఆయనకి స్టూలు వేసి, నన్ను చూసి నిట్టూర్చాడు.

"గోడలో పెట్టే బాక్సు లోతెంత సార్?"

"గోడ లేత బూడిద రంగు."

"రంగు కాదు సార్, లోతు."

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మా వంశంలోనే లేదు. "మామూలు లోతే" అన్నాను గంభీరంగా. ఆ మామూలు లోతు కోసం తరవాత కరెంటు మేస్త్రి ఒక పూటంతా గోడ చెక్కాడు.

ప్లేట్లు చూశాను, అంచు పట్టీలు చూశాను, స్క్రూల తలలు కప్పే బుల్లి మూతలు చూశాను. స్క్రూ కనపడితే గది అందం పోతుందని కొట్టాయనకే పాఠం చెప్పాను. కంటిచూపు లేని మనిషి గదికి అందం ఎంచుతున్నానన్న ఊహ నా దరిదాపులకి రాలేదు.

ఈలోగా వెనకనుంచి టక్కు, టక్కు అని చప్పుడు. మామగారు పక్కనున్న డబ్బాలోంచి పాతకాలపు స్విచ్చి ఒకటి తీశాడు. గుండ్రటి దిమ్మ, ముందుకి పొడుచుకొచ్చిన బొడిపె. దాన్ని వేస్తున్నాడు, తీస్తున్నాడు, బొటనవేలితో చుట్టూ తడుముతున్నాడు.

"అల్లుడూ, ఇదిగో ఇలాంటి..."

కొట్టాయన ముసిముసిగా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "అవి గొడ్లపాకలకి వేసేవి మామయ్యగారూ!" అని ఆయన చేతిలోంచి లాక్కుని డబ్బాలో పడేశాను. ఆయన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకున్నాడు.

చివరికి నల్లటి గాజు పలక ఖాయం చేశాను. ఒకే పలక మీద ఎనిమిది స్విచ్చులు. గాడి లేదు, గతుకు లేదు, చప్పుడు లేదు. నొక్కక్కర్లేదు, తాకితే చాలు. బిగించేటప్పుడు మేస్త్రి నసిగాడు: "పెద్దాయనకి విడివిడిగా, చేతికి తగిలేవి పెడితే..."

"చెప్పింది చెయ్యవయ్యా మేస్త్రీ."

ఆదివారం పొద్దున మేస్త్రితో సహా అందరం గదిలో చేరాం. దర్జీ భార్య కూడా గుమ్మంలోకొచ్చి, "అబ్బ, మొహం చూసుకోవచ్చు!" అంది. నా మొహం నేను చూసుకున్నాను, బాగానే ఉంది. కిటికీలు మూయించి, "కానివ్వండి మామయ్యగారూ" అన్నాను, రైలుకి పచ్చజెండా ఊపేవాడిలా.

ఆయన గోడ పట్టుకుని వెళ్ళి పలక మీద వేళ్ళు ఆనించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. ఉలిక్కిపడి వేలు జరిపాడు. గీజరు వెలిగింది. ఇంకాస్త జరిపాడు. లైటు వెలిగింది. "ఆఁ!" అంది మా ఆవిడ. అదేనా అని రూఢి చేసుకోవడానికి ఆయన మళ్ళీ తడిమాడు, లైటు ఆరిపోయింది. ఎడంనుంచి లెక్కపెట్టబోయాడు. లెక్కపెట్టిన ప్రతిదీ వెలగడమో ఆరడమో జరిగింది. వెంట్రుకవాసి పట్టే వేళ్ళకి పట్టుకోవడానికి ఆ గాజు మీద వెంట్రుక కూడా దొరకలేదు.

ఆయన చెయ్యి దించేశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అమ్మాయ్, లైటెయ్యి" అన్నాడు.

మా ఆవిడ కదల్లేదు. చివరికి మేస్త్రే వెళ్ళి వేశాడు. మామగారు మంచం కిందికి వంగి సంచీ కోసం తడుముతున్నాడు. అది మాత్రం మొదటిసారికే చేతికి దొరికింది.

"ఏం మామయ్యగారూ, ఎలాంటివి కావాలో ఆ రోజు కొట్లోనే ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అన్నాను.

"చెప్పబోయాను. చేతిలోంచి లాక్కున్నావు."