చమురు వాసన

మట్టికుప్ప మీది టార్పాలిన్ అంచు పట్టుకుని పెద్దామె వెనక్కి మడిచింది. రోజూ దాని కిందనుంచి కాగే పాలమీది ఆవిరిలా పొగ లేచి ముఖానికి తగిలేది. ఇవాళ లేవలేదు. అరచెయ్యి మట్టిలోకి దోపి చూసింది. గోరువెచ్చగానైనా లేదు.

"వీళ్లకి తిండి అయిపోయినట్టుంది," అంది.

గొట్టంతో నీళ్లు పడుతున్న తోడికోడలు నవ్వింది. "నీ సంతానమా అక్కా? డిపో నూనంతా తాగి త్రేన్చి పడుకున్నారేమో!"

మూతపడిన చమురు డిపో అది. పీపాల నుంచి ఏళ్ల తరబడి కారిన డీజిలు నేలలోకి మోచేతి లోతున ఇంకి గడ్డిపరకనైనా మొలవనివ్వలేదు. ఆ నల్లమట్టిని తవ్వి కుప్పలు పోశారు. కంటికి ఆనని జీవాలు మట్టిలోనే ఉంటాయనీ, గాలీ తడీ కాస్త ఎరువూ అందిస్తే అవే చమురును తిని గాలిగా, నీరుగా మార్చేస్తాయనీ పరీక్షలు చేసే అమ్మాయి మొదట్లోనే చెప్పింది. కుప్పల్ని పారతో తిరగెయ్యడం, తడపడం, మళ్లీ కప్పడం పెద్దామె పని. పొట్టిమనిషి, వంగిన నడుము, ఎడమ భుజం కాస్త కిందికి. పార ఎత్తినప్పుడల్లా ఎవరో కథ చెబుతున్నట్టు "ఊఁ" కొట్టేది.

మోకాళ్లు పోతాయని ఇంట్లో అందరూ వద్దన్నారు. వినలేదు. కారణమూ చెప్పలేదు. ఆమె భర్త ఈ డిపోలోనే పీపాలు నింపేవాడు. ఎంత సబ్బు రుద్దినా మెడ దగ్గర డీజిలు వాసన వదిలేది కాదు. ఆయన పోయాక చొక్కాల్లో కూడా ఆ వాసన మిగల్లేదు. మొదటిరోజు పార వెయ్యగానే కుప్పలోంచి అదే గుప్పుమంది. తోటివాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తిరగేసిన కొద్దీ ఆయన పలచబడుతున్నాడని తెలిసీ రోజూ తిరగేస్తూనే వచ్చింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి పరుగున వచ్చింది. "పెద్దమ్మా, ఈ కుప్పా శుభ్రమైపోయింది! ఇదే ఆఖరిది. ఇక మొక్కలు పెట్టుకోవచ్చు. వాసన చూడండి!"

పిడికెడు తీసి చూసింది. వాన పడ్డ మట్టి వాసన. అందరూ భోజనాలకు వెళ్లాక ఒక చేతి రబ్బరు తొడుగు లాగేసి, ఒట్టిచేత్తో కుప్ప నడుములోకి భుజం మునిగేదాకా తవ్వుకుంటూ పోయింది. అక్కడా అదే.

"ఏం వెతుకుతున్నావక్కా?" అంది వెనక్కొచ్చిన తోడికోడలు.

"మీ బావగారిని. మొత్తం వెళ్లిపోయారే."

తోడికోడలికి అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. ఈసారి నవ్వలేదు. పక్కన చతికిలబడి, అక్క జుట్టులోని మట్టి దులిపింది. "బాధగా ఉందా?"

"లేదే. ఆస్పత్రిలో పోయినప్పుడు నేను దగ్గర లేను. ఈసారి గాలి తగిలించి, నీళ్లు పట్టి, మెల్లగా నేనే పంపించా. నువ్వెళ్లి తిను, కాస్త నడుం వాలుస్తా."

కుప్పకు వీపు ఆనించింది. మట్టి మెత్తగా ఆమె ఒంటికి ఒదిగింది. కళ్లు మూతపడుతుంటే, లోపల కోటానుకోట్ల చిన్న నోళ్లు తిండి ముగించి నిద్రలోకి జారుకుంటున్న అలికిడి వినిపించినట్టయింది.

తోడికోడలు టీ తెచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. తర్వాత గ్లాసు కింద పెట్టి భుజం పట్టుకుంది.

పొద్దు వాలేసరికి ఆమెను నలుగురూ మోసుకెళ్లిపోయారు. కుప్పమీద ఆమె లాగేసిన రబ్బరు తొడుగు ఉండిపోయింది, లోపలివైపు బయటికి తిరిగి, రెండు వేళ్లు ఇంకా లోపలే మడుచుకుని.