రంగు పట్టిన బిళ్ళలు

బస్సు నడిపి రిటైరైన బావకి చూపు తగ్గడం మొదలయ్యాక ముందు పేపరు పోయింది, తర్వాత మనుషుల ముఖాలు పోయాయి. పోయిన చూపు రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడు కంటి డాక్టరు. బావ దానికీ నవ్వాడు. "రోడ్డు చూసి చూసి అరిగిపోయాయి లెండి" అన్నాడు.

సాయంత్రం పోకర్ పేకాట మాత్రం మానలేదు. ఆడేది బావా, బావమరిదీ ఇద్దరే. బావమరిది జీవితమంతా బట్టల మిల్లులో అద్దకం తొట్టెల దగ్గర పనిచేశాడు; వీధిలో అందరికీ రంగులాయన. అతని అక్క తన భర్త పక్కనే కూర్చుని ముక్కలు చూసి చెవిలో చెప్పేది.

"ముక్కలు నువ్వు చెప్పు. పందెం మాత్రం నా చేత్తో నేనే కాస్తాను" అనేవాడు బావ.

ఒకరోజు పందెం బిళ్ళల్లో నీలంది వెయ్యబోయి ఎర్రది వేశాడు. మళ్ళీ అదే జరిగింది. "అన్నీ బూడిదలాగే ఉన్నాయిరా" అన్నాడు, నెమ్మదిగా.

రంగులాయన మర్నాడే తెల్ల బిళ్ళలు కొనుక్కొచ్చి, పాత గిన్నెలో రంగు కలిపి పొయ్యి మీద పెట్టాడు. మంట ఎక్కువై మొదటి వాయి మొత్తం వంకర్లు పోయింది. ఊరందరి బట్టలకీ రంగేసినవాడికి గుప్పెడు ప్లాస్టిక్ లొంగలేదు. రెండోసారి సెగ తగ్గించి, నీళ్ళు మరగనివ్వకుండా, గరిటెతో కలుపుతూ పొయ్యి దగ్గరే నిలబడ్డాడు. కొన్ని మిరుమిట్లు గొలిపే పసుపు, కొన్ని కారునలుపు. గుడ్డివాడికైనా కనిపిస్తాయనుకుని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

ఆ సాయంత్రం బావ ఒక్కో బిళ్ళా ఎత్తి చూశాడు. "ఇది పసుపు. ఇది నలుపు. ఇదీ నలుపే." ఒక్కటీ తప్పలేదు. రంగులాయనకి కడుపు నిండిపోయింది. ఆ తర్వాత ఆటలన్నీ పాత రోజుల్లాగే సాగాయి. బావ గెలిచినప్పుడల్లా వెక్కిరించేవాడు, ఓడితే ముక్కల్ని తిట్టేవాడు.

ఒకనాడు రంగులాయన చేతిలోంచి బిళ్ళ జారి బల్ల కిందికి దొర్లింది. వంగాడు. అక్క కాలు బావ పాదం మీద ఉంది. పైన బావ చెయ్యి బిళ్ళల మీద తడుముతోంది. అక్క బొటనవేలు ఒకసారి నొక్కింది. "పసుపు కాస్తున్నాను" అన్నాడు బావ. చెయ్యి పక్కకి జరిగింది. వేలు రెండుసార్లు నొక్కింది. "దాని మీద ఒక నలుపు."

రంగులాయన బిళ్ళ తీసుకుని లేచాడు. అక్క అతని ముఖం చూసి, మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళింది. అతను వెనకే వెళ్ళాడు.

"ఎప్పట్నించక్కా?"

"మొదటి రోజు నించే. నువ్వంత కష్టపడి చేసుకొచ్చావు. కనపడట్లేదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు."

"బొత్తిగానా?"

"కిటికీ ఎటుందో తెలుస్తుంది. ఎండ ఉంటే."

అక్క గ్లాసు నింపి అతని చేతిలో పెట్టింది. "తాగి రారా. అనుమానపడతాడు."

అతను తిరిగొచ్చి కూర్చున్నాడు. బావ బిళ్ళలు పేర్చుకుంటూ, "ఈసారి ఆకుపచ్చ రంగు కూడా వెయ్యి బావమరిదీ. నలుపూ పసుపూ చూసి చూసి విసుగొచ్చింది" అన్నాడు.

"వేస్తాలే బావా. లేతదా, ముదురుదా?"

"ముదురే. స్పష్టంగా తెలుస్తుంది."

మర్నాడు రంగులాయన గిన్నె పొయ్యెక్కించాడు. ఆకుపచ్చ చక్కగా పట్టింది, ఎక్కడా మరక లేదు. మిల్లులో కూడా అంత సమంగా ఎన్నడూ కుదరలేదు. బిళ్ళల్ని గుడ్డ మీద పరిచి, ఆరేదాకా వాటి ముందే కూర్చున్నాడు.