బెత్తెడు కారుకు ఐదో తీగ

వెనక కూర్చున్నవాళ్ళు కూడా ఇలా ముందుకు జరగండి. కాళ్ళు చాపినవాళ్ళు ముడుచుకుంటే ఇంకో ఇద్దరికి చోటు దొరుకుతుంది. ఆఁ, అలా.

ఒక డ్రైవరు ఉండేవాడు. రోజూ పొద్దున్నే తన పాత కారు అద్దాలు తుడిచి, కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేతి వేలు తాళంచెవి మీద ఆనించి బయలుదేరేవాడు. వాళ్ళ నాన్న అలాగే నడిపేవాడు, ఇతనికీ అదే అలవాటైంది. కారు నేలకి బెత్తెడు ఎత్తున తేలుతూ పోయేది. గేరు మార్చడానికి చెయ్యి తీసినప్పుడు మాత్రం కిందికి దిగి, మళ్ళీ లేచేది. టైర్ల కొట్టాయన ఒక్కడికే దానిమీద కోపం. "ముప్పై ఏళ్ళయింది, ఒక్క టైరు కొన్న పాపాన పోలేదు" అని గొణిగేవాడు.

ఒకరోజు కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అంతకుముందు ఆమెకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఒక్క కుదుపు కూడా తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. దారేమో పొడుగునా కంకర. పైగా ముందురోజు నుంచి కడుపులో బిడ్డ కదలడం లేదు. తీరా బయలుదేరబోతే, తాళంచెవి స్విచ్చిలో గిర్రున తిరుగుతోంది గాని ఇంజను ఉలకదు, పలకదు.

వైరింగు పనిచేసే అక్కని పిలిపించారు. ఆమె మరలు విప్పి స్విచ్చిని బయటికి లాగింది. వెనకాల ఐదు తీగలు. ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టి ఊడదీసింది.

"నాలుగుండాలి బాబాయ్. ఇలాంటి స్విచ్చి నేనెప్పుడూ చూళ్ళేదు."

బ్యాటరీ నుంచి వచ్చే తీగని మిగతావాటికి తాకించి చూసింది. ఒకటి లైట్లది, ఒకటి ఇంజనుది, ఒకటి స్టార్టరుది. ఐదోది కారు అడుగుకి పోయింది, దేనికీ బదులు చెప్పలేదు. దాని కొస ఒలుద్దామని వేళ్ళతో పట్టుకుంది. ఆమె పాదాలు నెమ్మదిగా పైకి లేచాయి, చెప్పులు నేలమీదే ఉండిపోయాయి.

"ఓహో, ఇదా" అని తీగ వదిలి, చెప్పులు తొడుక్కుంది.

పాత స్విచ్చి విప్పి లోపల చూపించింది. "ఈ ఐదోది ఇంకే తీగకీ కలవదు బాబాయ్. తాళంచెవికి తగులుతుంది, అంతే. అక్కణ్ణుంచి నీ వేలికి."

డ్రైవరు తన వేలు చూసుకున్నాడు. "నాన్నది ఉత్త అలవాటనుకున్నాను."

ఆమె సంచిలో ఉన్న నాలుగు తీగల స్విచ్చి బిగించింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కారు మాత్రం నేలమీదే ఉంది.

"ఐదోదాన్ని ఇక మనిషే పట్టుకోవాలి" అంది.

"నేను పట్టుకుంటాలే."

"గేరు మార్చినప్పుడల్లా వదుల్తావుగా. దిగిన ప్రతిసారీ కుదుపే."

వెనక సీట్లోంచి కూతురు చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వక్కా. నేను ఖాళీగా కూర్చునేదాన్నేగా."

తీగకి ఇంకో ముక్క అతికి వెనక్కి అందించారు. ఆమె పిడికిట్లో బిగించగానే కారు లేచింది. వైరింగక్క గొంతుక్కూర్చుని, టైరు కింద నాలుగు వేళ్ళూ అడ్డంగా పెట్టి కొలిచింది. వాటిమీద రెండో చేతి వేళ్ళు కూడా పట్టాయి. మళ్ళీ కొలిచింది.

"బాబాయ్, నువ్వేమైనా పట్టుకున్నావా?"

"నా రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయమ్మా."

"రెండు బెత్తెలు లేచింది. అయితే వెనక ఇద్దరు పట్టుకున్నారు."

కూతురు రెండో చెయ్యి పొట్టమీద పెట్టుకుంది. డ్రైవరు అద్దాలు తుడిచే గుడ్డతో కళ్ళు తుడుచుకుని గేరు వేశాడు. కారు దిగలేదు. దారంతా ఒక్క రాయి కూడా తగల్లేదు. టైర్ల కొట్టాయన కూడా లేచి నిలబడి, మలుపు తిరిగేదాకా చూశాడు.

పొద్దు వాలేలోపు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు మీ అంత ఉంటుంది. ఏది పట్టుకున్నా ఒక పట్టాన వదలదని వాళ్ళమ్మ ఒకటే సణుగుడు.

ఇక లేవండి. ఇళ్ళల్లో మీకోసం కంచాలు పెట్టి చూస్తుంటారు. వెళ్ళి కడుపునిండా తినండి. రోడ్డు దాటేటప్పుడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. ఇంటిదాకా వదలకండి.