కొలబద్ద

తీగ మీద ఎర్రకోటు ఆరుతోంది.

గాలి వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి నిండుతుంది. నిండి, కొంచెం పైకి లేస్తుంది... ఎవరినో పిలుస్తున్నట్టు. గాలి పోగానే మళ్ళీ వేలాడిపోతుంది.

అక్క కిటికీలోంచి చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

కోటు లోపల ఎవరూ లేరు.

లోపల ఉండాల్సిన మనిషి పక్కగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కుడికాలికి పిండికట్టు. ఆ కాలు స్టూలు మీద చాపుకుని, ఎడమకాలితో మిషను తొక్కుతోంది. అలవాటు లేని కాలు. మిషను కాసేపు పరిగెడుతుంది, కాసేపు మొరాయిస్తుంది. పరిగెడుతుంది... మొరాయిస్తుంది. ఆ చప్పుడు గోడ దాటి వచ్చి అక్క చెవిలో కూర్చుంటోంది.

చెల్లి దర్జీ. కుడికాలే ఆమె పనిముట్టు.

ఆ కాలు విరగడానికి కారణం అక్క. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అననందుకే అది ఇల్లంతా తిరుగుతోంది.

*

అక్క ఫోటోలు తీస్తుంది. కొండలు, లోయలు, ఏర్లు, అడవులు. ఎవరి దగ్గరా కొలువు కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళకి తీస్తుంది. ఎవరూ పిలవకపోతే తనకోసం తీసుకుంటుంది.

మొదట్లో ఎవరూ పిలవలేదు.

అంతకుముందు ఒక స్టూడియోలో పనిచేసేది. నీలం తెర, గుండ్రటి స్టూలు, తలుపు వెనక దువ్వెన. "గడ్డం కొంచెం పైకి. కళ్ళు ఆర్పకండి." పొద్దస్తమానం అవే మాటలు. ఒకరోజు ఆ మాటలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసింది. ఇక చాలనుకుని బయటికి వచ్చేసింది.

ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నారు. చెల్లి మాత్రం పట్టుకోలేదు. పాత తెరగుడ్డ మందంగా మడిచి, లోపల దూది పెట్టి, కెమెరాకి ఒక సంచి కుట్టింది.

"ఇదిగో నీ ఆఫీసు. భుజానికి తగిలించుకో."

ఆ సంచి ఇప్పటికీ చిరగలేదు.

ఆఫీసు భుజాన వేసుకుని అక్క తిరిగింది. చిన్న చిన్న లాడ్జీల మంచాలు తీసింది. టూరు బస్సుల సీట్లు తీసింది. ఎవరూ తొడుక్కోని కొత్త బూట్లని బురదలో పెట్టి తీసింది. మధ్య మధ్యలో తనకి నచ్చిన కొండల్ని తీసి పత్రికలకి పంపేది. జవాబు వచ్చేది – "బాగున్నాయి, కానీ..."

కానీ తర్వాత ఏమీ ఉండేది కాదు.

ఒకసారి చెల్లిని వెంట తీసుకెళ్ళింది. తోడుకి. చలి ఎక్కువని చెల్లి తను కుట్టుకున్న ఎర్రకోటు వేసుకుంది. అక్క కెమెరా సర్దుకుని, ఊపిరి బిగబట్టి, మబ్బు పక్కకి తప్పుకోవడం కోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడే చెల్లి, బయటికి చెప్పుకోలేని పని మీద బండ చాటు వెతుక్కుంటూ, కొండకి అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది.

"తప్పుకోవే!"

నోరు అరిచింది. వేలు మాత్రం నొక్కింది.

తర్వాత చూసుకుంటే కొండ పెరిగింది. అప్పటిదాకా అది ఒట్టి కొండ. కింద గోరంత ఎర్రగా ఒక మనిషి నిలబడితే... ఎంత పెద్దదో తెలిసింది.

ఆ ఫోటోకి "కానీ" రాలేదు.

*

ఆ తర్వాత పిలుపులు వచ్చాయి. ఎక్కడికి పిలిచినా ఒకటే మాట – "ఆ ఎర్రకోటు మనిషిని పెట్టండి." అక్క పేరు చాలామందికి తెలియదు. ఎర్రకోటు ఫోటోలావిడ అంటే తెలుసు.

"అంటే కొండలకి నేను కొలబద్దనన్నమాట," అని నవ్వింది చెల్లి. "దర్జీదానికి తగ్గ పనే."

అప్పటినుంచి అక్క ఆమెని కొలబద్దా అనే పిలుస్తుంది. కొలబద్దా, లేవవే. కొలబద్దా, బస్సు వెళ్ళిపోతుంది. కొలబద్దా, అటు తిరుగు.

అటు తిరుగు. చేతులు వదిలెయ్. ఇంకొక్క అడుగు.

ఇంకొక్క అడుగంటే ఒక్క అడుగు కాదని ఇద్దరికీ తెలుసు. ఇసుకలో ఇంకొక్క అడుగు. ఏటి ఒడ్డున ఇంకొక్క అడుగు. మంచులో, ముళ్ళలో, పాచిలో... వెనక నుంచి అక్క గొంతు వస్తుంది, ముందుకి చెల్లి కాలు పడుతుంది. వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి. వెనకున్నది అక్క కదా అని నడుస్తుంది.

ఒకసారి మాత్రం చెల్లి తిరిగింది. నవ్వుతూ తిరిగింది.

"మొహం వద్దే. మొహం ఉంటే కొండని ఎవరు చూస్తారు?"

"అంత అందగత్తెనా నేను?"

"కాదు గనకనే అటు తిరగమంటున్నాను."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. చెల్లి మళ్ళీ ఎప్పుడూ తిరగలేదు.

ఈమధ్య అక్క తన ఫోటోలన్నీ వెతికింది. ఇన్ని కొండలు, ఇన్ని ఏర్లు, ఇన్ని పొద్దుపొడుపులు. చెల్లి మొహం ఉన్న ఫోటో ఒక్కటి కూడా దొరకలేదు. అన్నీ వీపులే.

*

ఆ రోజు మంచు.

తెల్లవారుతోంది. లోయ నిండా పొగలా మంచు. అంచున నల్లటి బండ. బండ మీద తడి. తడి మీద చెల్లి.

"జారుతోందక్కా."

"తెలుసు. ఇంకొక్క అడుగు. వెలుగు పోతుంది."

వెలుగు తొందరగా మారేటప్పుడు అక్క మీట మీద నుంచి వేలు తియ్యదు. నొక్కి పట్టుకుంటే కెమెరా టకటకమని తీస్తూనే ఉంటుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని మంచిది ఏరుకోవచ్చు. అది ఆమె పద్ధతి. నేర్పిన వాళ్ళు లేరు. తనే కనిపెట్టుకుంది. దానిమీద కొంచెం గర్వం కూడా ఉంది.

మంచు విచ్చుకుంది. వెలుగు పడింది. వేలు మీట నొక్కింది.

చెల్లి కాలు జారింది.

బండ కింద ఒక గట్టు, గట్టు మీద పొదలు. పొదలు ఆపాయి. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. అక్క ఎలా దిగిందో, ఎలా మోసిందో, దారిలో ఏం మాట్లాడిందో ఆమెకి గుర్తులేదు. ఆసుపత్రి వరండా మాత్రం గుర్తుంది. లోపల డాక్టరు ఎముక సరిచేస్తున్నాడు. చెల్లి మూలుగు వినపడుతోంది. అక్క ఒళ్ళో తెరగుడ్డ సంచి.

చూడకూడదు... ఇప్పుడు కాదు... అనుకుంటూ సంచి తెరిచి కెమెరా తీసింది.

అన్నిటి మధ్యలో ఒకటి ఉంది. చెల్లి ఒక కాలు గాలిలో. రెండు చేతులూ పైకి. కోటు విచ్చుకుని, వెనక నుంచి బంగారపు వెలుగు. ఎగిరిపోతున్నట్టు. సంతోషం పట్టలేక ఎగిరినట్టు. ఇన్నాళ్ళ తిరుగుడులో అలాంటిది ఒక్కటీ రాలేదు.

ఎంత బాగుంది – అనుకుంది.

లోపల మూలుగు వినిపిస్తుండగానే అనుకుంది. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ ముందు అనుకున్నది మాత్రం అదే.

"ఆ రోజు ఏమైనా వచ్చిందా?" అని చెల్లి ఇంటికి వచ్చాక అడిగింది.

"ఏం రాలేదు. అంతా మంచే."

అని చెప్పి, ఆ వారంలోనే దాన్ని పత్రికకి పంపింది. ఎందుకు పంపిందో తనకే తెలియదనుకుంది. తెలుసు.

*

ఇందాక పత్రిక ఎడిటరు ఫోను చేశాడు. మనిషి ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు.

"ఎంత స్వేచ్ఛండీ! ఆ ఎగరడం ఉంది చూశారూ... ముఖచిత్రం ఇదే. రేపు పొద్దున్నకల్లా మీరు సరేనంటే అచ్చుకి పోతుంది."

"మా చెల్లిని ఒకమాట అడగాలి."

"వీపే కదండీ. మొహం కనపడనప్పుడు అడగాల్సిన పనేముంది?"

అక్క ఏదో అని పెట్టేసింది.

వీపే కదా.

ఇన్నేళ్ళూ తను కూడా అదే అనుకుంది. అంత బాహాటంగా అనలేదు, అంతే తేడా.

సరేనంటే – ఇక ఎవరి పిలుపు కోసమూ కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. మంచాలూ బూట్లూ తియ్యక్కర్లేదు. స్టూడియో స్టూలు ఇక కలలోకి కూడా రాదు. వద్దంటే... వద్దనాలని ఉంది. అనాలని లేదు. రెండూ నిజమే, రెండూ ఒకే ఛాతీలో కొట్టుకుంటున్నాయి.

పక్కగదిలో మిషను ఆగింది.

"ఎవరక్కా ఫోను?"

అక్క కెమెరా తీసుకుని వెళ్ళింది. చెల్లి పక్కన నేల మీద కూర్చుంది. ఆ ఒక్క ఫోటో తెరిచి, ఆమె చేతిలో పెట్టింది.

చెల్లి చాలాసేపు చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెదవి చివర చిన్న నవ్వు.

"బాగున్నానే."

"ముఖచిత్రం వేస్తామంటున్నారు."

"పంపావా?"

"పంపాను."

"అడిగితే ఊఁ అనేదాన్ని కదక్కా."

తిట్టి ఉంటే బాగుండేది. కెమెరా విసిరికొట్టినా బాగుండేది. అక్క తల దించుకుని పిండికట్టు మీద రాలిన దారప్పోగుల్ని ఏరడం మొదలుపెట్టింది.

"దీని తర్వాతది?"

"తర్వాత... ఏం లేవు."

బస్సుల్లో, సత్రాల్లో, భుజం మీద తల పెట్టి ఎన్నో ఫోటోలు చూసిన మనిషి. ఏ మీట ఎక్కడుందో చెల్లికి తెలుసు. బొటనవేలు మీట మీదికి వెళ్ళింది.

ఖాళీ బండ.

మళ్ళీ నొక్కింది. ఖాళీ బండ. మంచు కొంచెం జరిగింది.

ఖాళీ బండ.

ఖాళీ బండ...

చెల్లి నొక్కుతూనే ఉంది. బండ వస్తూనే ఉంది. వెలుగు బాగుంది, లోయ బాగుంది, మనిషి లేదు. ఒక్కదానిలోనూ బండ అంచు వంకర పోలేదు. గీత గీసినట్టు తిన్నగా ఉంది. కెమెరా అంగుళం కదల్లేదు.

"చెయ్యి అస్సలు వణకలేదే," అంది చెల్లి. తిన్నటి కుట్టుని మెచ్చుకునే గొంతుతోనే అంది.

అక్క పోగులు ఏరుతోంది. పోగులు అయిపోయాయి. అయినా ఏరుతోంది.

"ఇక్కడే కదా నేను అరిచింది?" చెల్లి ఖాళీ బండ మీద వేలు పెట్టింది. "అక్కా అని. వినపడలేదా?"

వినపడలేదంటే సరిపోతుంది. గాలి హోరంటే సరిపోతుంది. చెల్లి నమ్ముతుంది. ఎప్పుడూ నమ్మింది.

"వినపడింది."

కుట్టుమిషను దీపం వెలుగుతోంది. సూది కింద సగం కుట్టిన గుడ్డ. ఎడమకాలి కుట్టు... పాము పాకినట్టు పోయి మధ్యలో ఆగి ఉంది.

చెల్లి కెమెరా ఒళ్ళో పెట్టుకుంది. తిరిగి ఇవ్వలేదు.

"కోటు ఆరిందేమో చూద్దాం పద."

*

కిటికీ అవతలి డాబా మీద గాలి. చుట్టూ కప్పులు, నీళ్ళ ట్యాంకులు, తీగలు. చెల్లి చంకకర్ర ఆనించుకుని గోడకి చేరగిలబడింది. అక్క తీగ మీది కోటు తీసింది. పొదల్లో చిరిగిన చోట చెల్లి వేసిన కుట్టు ఉంది. పడ్డాక వేసిన మొదటి కుట్టు అది. వంకరగా ఉంది.

"వేసుకో."

"ఎవరు?"

"నువ్వే."

వేసుకుంది. చెల్లి కొలతలకి కుట్టిన కోటు. భుజాల దగ్గర పట్టేసింది. చేతులు మణికట్టు దాకా రాలేదు.

"అటు తిరుగు."

అక్క తిరిగింది. ఎదురుగా పిట్టగోడ. పిట్టగోడ అవతల వీధి.

"చేతులు వదిలెయ్."

వదిలేసింది. వెనక కెమెరా మూత తీసిన చప్పుడు. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు వీపుతో వినడం ఇదే మొదటిసారి. మెడ మీద చలి పాకింది. చెల్లి మొహం ఎలా ఉందో తెలియదు. నవ్వుతోందో, ఏడుస్తోందో, ఊరికే ఒక కన్ను మూసి చూస్తోందో తెలియదు. వెనక ఉన్నవాళ్ళకి అన్నీ కనపడతాయి. ముందున్నవాళ్ళకి గొంతు ఒక్కటే.

"ఇంకొక్క అడుగు," అంది చెల్లి.

వేసింది.

"ఇంకొక్క అడుగు."

పిట్టగోడ మోకాళ్ళకి తగిలింది.

లోపల గదిలో ఫోను మోగుతోంది. ఎవరో తెలుసు. ఏం చెప్పాలో తెలియదు. తిరగాలని ఉంది – తిరిగితే ఫోటో చెడుతుంది. ఆ సంగతి ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నిలబడింది.

క్లిక్కు కోసం వింటోంది.

ఫోను ఆగింది. మళ్ళీ మొదలైంది.

క్లిక్కు రాలేదు.

"అక్కా," అంది చెల్లి వెనకనుంచి. మెల్లగానే అంది.

గాలి వచ్చింది. ఎర్రకోటు చెయ్యి నిండింది. నిండి, లోపలున్న అక్క చేతితో పాటు కొంచెం పైకి లేచింది...